ఇల్లు చూసి ఇల్లాలిని చూడకండి

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అన్న మాట మనవాళ్ళకు ఎంతగా నచ్చిందంటే, దాన్ని సామెతగా ఉంచి ఊరుకోలేదు. టీ కొట్టు తీర్పుగా, ప్రభుత్వ విధానంగా, చివరికి పరిశోధనా ఫలితంగా కూడా వాడుకుంటున్నారు. టీ కొట్టు దగ్గర అది ఇలా వినిపిస్తుంది: "వాళ్ళకి ఎన్ని ఇళ్ళు కట్టించినా అంతేరా. ఇల్లు బాగు చేసుకోవాలన్న ధ్యాస ఉండాలిగా ఆ మనిషికి!" హౌసింగ్ ఆఫీసులో కాస్త మర్యాద కలుస్తుంది: "లబ్ధిదారుల్లో చైతన్యం లేదండీ." విశ్వవిద్యాలయంలో ఇంకాస్త మర్యాద: కుటుంబ పెద్ద విద్య, వృత్తి, ఆదాయం పెరిగే కొద్దీ గృహ పరిస్థితులు మెరుగవుతున్నాయి కనుక కుటుంబ పెద్దల్లో విద్యను, అవగాహనను పెంచాలి. మూడు చోట్లా భాష వేరైనా అభియోగం ఒకటే. ఇల్లు కారుతోందంటే ఇంటి పెద్దలో ఏదో లోపముందని.

ఈ వాదంలో నిజమెంతో ముందు ఒప్పుకుందాం. లెక్కలు అబద్ధం చెప్పడం లేదు. 2011 జనగణన నాటికి ఆవరణలోనే మరుగుదొడ్డి ఉన్న కుటుంబాలు దేశం మొత్తం మీద 46.9 శాతం. ఎస్సీ కుటుంబాల్లో అది 34 శాతం లోపు, ఎస్టీ కుటుంబాల్లో 23 శాతం లోపు. చదువుకున్న ఉద్యోగి ఇంట్లో టైల్స్, కూలీ ఇంట్లో మట్టి నేల ఉంటాయని తెలుసుకోవడానికి సర్వే కూడా అక్కర్లేదు. ఇంటి పెద్ద నేపథ్యానికీ ఇంటి స్థితికీ సంబంధం ఉందని నేనూ అంటాను. నా తగువంతా ఆ సంబంధం ఏ దారిన నడుస్తోందన్న దాని మీదే. ఇంటి పెద్ద బుర్రలోంచి బయల్దేరి గోడల దాకా వస్తోందా? లేక ఆ మనిషినీ ఆ గోడల్నీ కూడా ఒకే పల్లంలో నిలబెట్టింది ఇంకేదైనా ఉందా?

పరిశోధన పట్టికలో కులం, భూమి, వృత్తి, ఆదాయం, చదువు పక్కపక్క గళ్ళలో కూర్చుంటాయి. అన్నిటినీ కలిపి "సామాజిక ఆర్థిక నేపథ్యం" అంటారు. సిఫార్సులు రాసే పేజీకి వచ్చేసరికి మిగతా గళ్ళన్నీ మాయమై చదువు, అవగాహన మాత్రం మిగులుతాయి. ఎందుకంటే అవగాహన సదస్సు పెట్టడానికి ఒక షామియానా, ఒక మైకు చాలు. భూమి గడి జోలికి పోతే ఊరు ఊరంతా లేచి కూర్చుంటుంది.

కాబట్టి నేను ఆ గడి దగ్గరే మొదలుపెడతాను. పల్లెలో ఇంటి స్థితిని చాలావరకు తేల్చేసేది అది ఊళ్ళో ఏ మూల ఉందన్నదే. మాలపల్లె, మాదిగగూడెం, యానాదుల గుడిసెలు ఎక్కడున్నాయో కోస్తా జిల్లాల్లో తిరిగి చూడండి. కాలువ గట్టు మీద, డొంక పక్కన, చెరువు కట్ట దిగువన, ఊరి మురుగంతా వచ్చి చేరే పల్లంలో కనిపిస్తాయి. మెరకంతా ఎప్పుడో పంచుకున్నారు. మెరక మీద ఇల్లున్న మోతుబరి ఎంత సోమరి అయినా అతని వాకిట్లో వాననీళ్ళు నిలవవు. పల్లంలో ఉన్న కూలీ ఎంత ప్రయోజకుడైనా నేల చెమ్మ గోడెక్కక మానదు. సంక్రాంతికి వేసిన సున్నం దసరా నాటికి పెచ్చులూడుతుంది. ఆ పెచ్చుల్ని చూసి పట్నం నుంచి వచ్చిన అధికారి "మెయింటెనెన్స్ లేదు" అని రాసుకుని పోతాడు. మెయింటెనెన్స్ లేనిది ఊరి డ్రైనేజీకని ఆయన కాగితంలో ఎక్కడా ఉండదు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. వేల మంది పోయారు. సముద్రానికి దగ్గరగా, తాటాకు కప్పుల కింద, మట్టి గోడల మధ్య బతికేవాళ్ళు కూలీలు, చేపలు పట్టేవాళ్ళు. ఆ రాత్రి బతకడానికి పనికొచ్చింది ఎక్కడానికి ఒక డాబా, పరిగెత్తడానికి కాస్త మెరక. ఇంటి పెద్ద ఎన్నో తరగతి దాకా చదివాడని ఉప్పెన అడగలేదు. ఆ తర్వాత 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. గుడిసెల్లో ఉన్నవాళ్ళకు పక్కా ఇళ్ళు ఇవ్వడం సర్కారు బాధ్యత అన్న ఆలోచన మన రాజకీయాల్లో గట్టిపడింది. గుడిసెలో ఉండటం ఉన్నవాడి తప్పు కాదన్న ఎరుక ఆనాటి తరానికి కళ్ళారా చూడడం వల్ల కలిగింది. మనం దాన్ని పోగొట్టుకున్నాం.

గోడల కంటే ముందు నీళ్ళు. 1985 జులై 17న కారంచేడులో జరిగిన దాడిలో ఆరుగురు దళితులు చనిపోయారు. ఆ గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గర. తాము తాగే నీళ్ళను పాడు చేయొద్దన్నందుకు వచ్చిన తగాదా అది. బతికినవాళ్ళు ఊరొదిలి చీరాల చేరారు, అక్కడే కాలనీ కట్టుకున్నారు. శుభ్రత గురించి వాళ్ళకు అవగాహన సదస్సు పెట్టాల్సిన పని ఉందా? చెరువును శుభ్రంగా ఉంచుకోవాలని పట్టుబట్టింది వాళ్ళే. దానికి చెల్లించిన మూల్యం ఊరు వదిలిపోవడం. గృహ పరిస్థితుల మీద వచ్చే నివేదికల్లో "తాగునీటి వనరు: ఆవరణలో / ఆవరణకు దగ్గరలో / దూరంగా" అని మూడు గళ్ళుంటాయి. దూరం ఎందుకైందన్న నాలుగో గడి ఉండదు.

ఇదేదో నలభై ఏళ్ళ కిందటి ముచ్చట అనుకునేవాళ్ళ కోసం ఇంకోటి చెబుతాను. దేశంలోని పల్లెల్లో, పట్నాల్లో సుమారు 15 లక్షల పేటల సమాచారాన్ని జల్లెడ పట్టి కొందరు ఆర్థికవేత్తలు 2023లో ఒక అధ్యయనం వెలువరించారు. పట్నాల్లో దళితులు, ముస్లింలు ఎక్కువగా ఉన్న పేటల్లో బడులు, ఆస్పత్రులు, నీటి సదుపాయం, మురుగు కాలువలు మిగతా పేటల కంటే తక్కువగా ఉన్నాయని తేలింది. ఒకే పట్నంలో, ఒకే పురపాలక సంఘం కింద ఈ తేడా. పైపు లైను ఏ వీధి మొదట్లో ఆగిందో అక్కడి నుంచి ఇళ్ళ "స్థితి" మారిపోతుంది. ఆ వీధిలోని ఇంటి పెద్ద ఇంగ్లిషు ఎం.ఏ. చదివినా కుళాయికి నీళ్ళు రావు.

స్థలం తర్వాత కాగితం. ఈ విషయంలో మనవాళ్ళకున్న అజ్ఞానం నన్ను నిజంగా ఆశ్చర్యపరుస్తుంది, ఎందుకంటే మధ్యతరగతి మనిషి తన ఫ్లాటు లింకు డాక్యుమెంట్ల కోసం పడే తపన అంతా ఇంతా కాదు. పేదవాడికి కాగితం ఎందుకు అక్కర్లేదని అనుకుంటాడో తెలియదు. గ్రామకంఠంలో తాతల నాటి నుంచి ఉంటున్న కుటుంబాలకు అనుభవం తప్ప సర్వే నంబరూ, వ్యక్తిగత హక్కు పత్రమూ ఉండవు. డ్రోన్లతో కొలిచి పత్రాలిస్తామని కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టిందే 2020లో. ప్రభుత్వమిచ్చిన ఇంటి స్థలమైతే డీ-పట్టా. అసైన్డ్ భూములను అన్యాక్రాంతం చేయకూడదని 1977 చట్టం చెబుతుంది. పేదవాడి భూమిని పెద్దవాడు కారుచౌకగా కొట్టేయకుండా తెచ్చిన మంచి చట్టమది. బ్యాంకుకు తనఖా పెట్టుకునే వెసులుబాటు కూడా అందులో ఉంది. అయినా బ్యాంకు మేనేజరు ఆలోచించేది వేరు: రేపు ఇతను కట్టకపోతే ఈ స్థలాన్ని నేను ఎవరికి అమ్మాలి? అందుకని "రిజిస్టర్డ్ డాక్యుమెంటు పట్టుకురా" అంటాడు. ఇళ్ళ స్థలాల విషయంలో కొన్నేళ్ళు గడిస్తే అమ్ముకోవచ్చని ఆంధ్రప్రదేశ్ ఈ మధ్య సడలింపు ఇచ్చింది గానీ, అప్పటికే రెండు తరాలు వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చి శ్లాబు వేసుకున్నాయి. ఉద్యోగస్తుడు ఇరవై ఏళ్ళ వాయిదాల మీద ఇల్లు కడతాడు, పైగా ఆదాయపు పన్నులో రాయితీ కూడా పొందుతాడు. తర్వాత ఆ ఇంటిని చూపించి, చూశారా చదువు మహిమ అంటాడు.

కాగితం ఒక్కటి మారితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం చూడగల మంచి ఉదాహరణ మన దేశంలో లేదు, అర్జెంటీనాలో ఉంది. 1981లో బ్యూనస్ ఎయిర్స్ శివారు శాన్ ఫ్రాన్సిస్కో సొలానోలో సుమారు 1,800 భూమిలేని కుటుంబాలు ఒక బీడు నేలలో గుడిసెలు వేసుకున్నాయి. సర్కారు భూమి అనుకున్నారు. తీరా చూస్తే అది ముక్కముక్కలుగా ప్రైవేటు యజమానులది. 1984లో ప్రభుత్వం చట్టం చేసి, పరిహారమిచ్చి ఆ భూమిని తీసుకుని గుడిసెవాసులకు పట్టాలివ్వబోయింది. కొందరు యజమానులు పరిహారం పుచ్చుకున్నారు, కొందరు కోర్టుకెక్కారు. దాంతో పక్కపక్కన ఉన్న గుడిసెల్లోనే కొందరికి హక్కు పత్రాలొచ్చాయి, కొందరికి ఏళ్ళ తరబడి రాలేదు. ఎవరికి వచ్చాయన్నది గుడిసెవాసి చదువు మీదో అలవాట్ల మీదో ఆధారపడలేదు. అతని కింద ఉన్న నేల యజమాని కోర్టుకెళ్ళాడా లేదా అన్నదే తేల్చింది. సెబాస్టియన్ గాలియానీ, ఎర్నెస్టో షార్‌గ్రాడ్‌స్కీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాత రెండు గుంపుల్నీ పోల్చి చూశారు. పట్టాలొచ్చినవాళ్ళ గోడలు, కప్పులు మెరుగ్గా ఉన్నాయి. వాళ్ళ పిల్లలు ఎక్కువ చదువుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. చదువు వాదం ప్రకారం చదువుంటే ఇల్లు బాగుపడాలి. అక్కడ హక్కు రాగానే ఇల్లూ చదువూ రెండూ బాగుపడ్డాయి. ఒకే రకం మనుషులు, ఒకే రకం పేదరికం, ఒకే వీధి. మారింది కాగితం. పట్టాల వల్ల అప్పులు మాత్రం పెద్దగా పెరగలేదని కూడా వాళ్ళే రాశారు. బ్యాంకులు అక్కడా బ్యాంకులే. మరి ఇటుకలు ఎక్కడి నుంచి వచ్చాయి? రేపు ఎవరో వచ్చి కూల్చేస్తారన్న భయం పోయాక, చేతిలో పడిన ప్రతి రూపాయినీ ధైర్యంగా గోడలో పెట్టారు. హైదరాబాదులో మూసీ ఒడ్డున ఉన్నవాళ్ళు ఇంటికి రంగులెందుకు వేయించరని అడిగే పెద్దమనుషులు, 2024 సెప్టెంబరులో ఆ గోడల మీద కూల్చివేత కోసం అధికారులు వేసిపోయిన ఎర్ర గుర్తుల్ని కూడా చూసి ఆ తర్వాత మాట్లాడితే బాగుంటుంది.

ఇక డబ్బు సంగతి. "ఇల్లు కట్టి చూడు" అన్నది కూడా మన సామెతే గానీ ఇలాంటి చర్చల్లో దాన్నెవరూ తీయరు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో ఇంటికిచ్చే సాయం 1.20 లక్షల రూపాయలు. 2016లో పెట్టిన మొత్తం అది. 2024లో మరో 2 కోట్ల ఇళ్ళకు పథకాన్ని పొడిగించినప్పుడు కూడా ఆ అంకె కదల్లేదు. ఈ మధ్యలో ఇసుక, ఇనుము, మేస్త్రీ కూలి ఎక్కడికి పోయాయో ఇల్లు కట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ళకు 5 లక్షలు ఇస్తున్నారు, అది మెరుగే. అయితే ఏ పథకమైనా బిల్లు విడతలుగా వస్తుంది. పునాది లేపి ఫొటో తీయిస్తే ఒక విడత, గోడలు లేపితే ఇంకో విడత, శ్లాబు పడితే మరోటి. అంటే ముందు సొంత డబ్బు పెట్టగలిగినవాడికే సాయం. రోజు కూలికి పోతే తప్ప పొయ్యి వెలగని ఇంట్లో పునాదికి పెట్టుబడి ఎక్కడిది? పైగా ఇల్లు కట్టే రెండు, మూడు నెలలూ భార్యాభర్తల్లో ఒకరు కూలి మానుకుని ఇటుకలకు నీళ్ళు పడుతూ, సిమెంటు బస్తాలకు కాపలా కాస్తూ కూర్చోవాలి. ఆ పోయిన కూలి ఏ ఎస్టిమేటులోనూ ఉండదు. ఊరికి పది మొండి పునాదులు కనిపిస్తే వాటి వెనకున్నది ఈ లెక్క. ఇందులో "చైతన్యం" ఎక్కడ అడ్డొచ్చిందో నాకు తెలియదు.

సాయం ఎవరికివ్వాలో తేల్చే పద్ధతిలో కూడా ఈ "ఇంటి పెద్దను కొలిచే" జబ్బు ఉంది. మొన్నమొన్నటి దాకా ఈ కేంద్ర పథకంలో మోటారు సైకిలున్నా, ఫ్రిజ్ ఉన్నా, ల్యాండ్ లైన్ ఫోనున్నా అనర్హులే. 2024లో గానీ ఆ షరతులు తీసేయలేదు. పాతిక కిలోమీటర్ల దూరంలో పని దొరుకుతుందని వాయిదాల మీద పాత బండి కొనుక్కున్న తాపీ మేస్త్రీ, ఆ బండి వల్లే ఇంటికి అనర్హుడయ్యాడు. కష్టపడు, ముందుకు రా అని ఒక చేత్తో తట్టి, ముందుకొచ్చినందుకు ఇంకో చేత్తో జాబితాలోంచి పేరు కొట్టేశారు.

చదువు వాదం దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే ప్రత్యర్థుల బలమంతా అక్కడే ఉంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల పల్లెల్లో గల్ఫ్ డబ్బుతో లేచిన శ్లాబు ఇళ్ళు వరసగా కనిపిస్తాయి. కట్టినవాళ్ళలో ఎక్కువమంది దుబాయ్‌లో, మస్కట్‌లో కట్టుబడి కూలీలు. పదో తరగతి గట్టెక్కనివాళ్ళూ ఉన్నారు, సంతకం మాత్రమే వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇంటి పెద్ద చదువు ఒక్క తరగతి కూడా పెరగలేదు, ఇల్లు మాత్రం పూరి నుంచి శ్లాబుకు మారింది. వీసా అప్పు తీరగా చేతిలో మిగిలిన డబ్బు చేసిన పని అది. ఏజెంటు చేతిలో మోసపోయిన పొరుగువాడి ఇల్లు అలాగే ఉండిపోయింది. ఇద్దరి అవగాహనా ఒకటే.

రెండో వైపు చూడండి. డిగ్రీలున్న, జీతాలున్న దళిత, ముస్లిం యువత పట్నాల్లో అద్దె ఇంటికి తిరిగే తిరుగుడు. ఢిల్లీలోనూ చుట్టుపక్కల పట్నాల్లోనూ సుఖదేవ్ థోరట్ బృందం ఫోన్లు చేయించి, మనుషుల్ని పంపించి చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. ఇల్లు అద్దెకిస్తారా అని అడిగినవాళ్ళ పేర్లు అగ్రకులాలవైనప్పుడు వచ్చిన "రండి" అన్న జవాబు, దళిత పేర్లకు తగ్గింది, ముస్లిం పేర్లకు ఇంకా తగ్గింది. ఇక హైదరాబాదులోనూ విజయవాడలోనూ అద్దె బోర్డుల మీద "శాకాహారులకు మాత్రమే" అని ఎందుకు రాస్తారో, "ఏ ఊరు మీది, ఇంటి పేరేమిటి" అని ఎందుకు అడుగుతారో తెలుగు పాఠకులకు నేను విడమర్చక్కర్లేదు. జీతం ఒకటే అయినా, చదువు ఒకటే అయినా ఒకడికి గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు, ఇంకొకడికి మిగిలిన ఇల్లు దొరుకుతుంది. రేపు సర్వేవాడు వచ్చి ఈ రెండో ఇంటి గదుల్ని లెక్కపెట్టి, కుటుంబ పెద్ద "ప్రాధాన్యతల" గురించి వ్యాఖ్య రాస్తాడు. చదువు ఇంటికి ఏం చేస్తుందో గానీ, బాగా చదువుకున్న ఇంటి పెద్ద వాస్తు పండితుడి మాట విని నిక్షేపంలాంటి వంటగదిని పగలగొట్టించడం మనం ప్రతి వీధిలోనూ చూస్తూనే ఉన్నాం.

అసలు ఈ ఇంటి పెద్ద ఎవరు? జనగణనలో ఇంట్లోవాళ్ళు ఎవరిని పెద్ద అంటే వాళ్ళే పెద్ద. ఆచరణలో ఎక్కువగా మగవాడి పేరే చెబుతారు. 2011లో ఆడవాళ్ళు పెద్దలుగా నమోదైన ఇళ్ళు 11 శాతానికి మించలేదు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మాత్రం రేషన్ కార్డు కోసం ఇంట్లో 18 ఏళ్ళు నిండిన ఆడవాళ్ళలో పెద్దామె ఇంటి పెద్ద. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి పంచిన ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే. కరెంటు మీటరు మామగారి పేరున, ఇంటి పన్ను రసీదు ఎప్పుడో చనిపోయిన తాతగారి పేరున ఉంటాయి. ఒకే గడపకు నలుగురు యజమానులు! వీళ్ళలో ఎవరి చదువునీ ఎవరి వృత్తినీ ఆ ఇంటి గోడలకు ముడిపెట్టాలి? శ్లాబుకు చీటీ పాట పాడి డబ్బు తెచ్చింది డ్వాక్రా సంఘంలో ఉన్న ఇల్లాలు, పట్టిక నింపింది మాత్రం భర్త అక్షరాస్యతతో.

ఆడవాళ్ళు పెద్దలుగా ఉన్న ఇళ్ళు అధ్వాన్నంగా ఉంటాయన్న "ఫలితం" కూడా తరచు వినిపిస్తుంది. ఆ పెద్ద ఎక్కువ సందర్భాల్లో వితంతువో, భర్త వదిలేసిన మనిషో. కూలి మగవాడి కంటే తక్కువ. స్థలం అత్తింటివాళ్ళది, కాగితం బావగారి బీరువాలో ఉంటుంది. వాటా అడిగితే "నీకేం తక్కువ చేశామమ్మా" అంటారు. ఆ ఇంటి కప్పు కారడానికి ఆమె పెద్దరికమే కారణమని చెప్పే పట్టికను చూస్తే, దాన్ని తయారు చేసినవారు ఏ పల్లెలోనూ ఆస్తి పంపకం చూడలేదనిపిస్తుంది.

కొలతల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. 2018 జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో 76.7 శాతం, పట్నాల్లో 96 శాతం కుటుంబాలు పక్కా ఇళ్ళలో ఉన్నాయి. బాగానే ఉంది. ఆ సర్వే నిర్వచనంలో పక్కా కప్పు అంటే శ్లాబే కానక్కర్లేదు. ఇనుప రేకులు, సిమెంటు రేకులు కూడా పక్కాయే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో రేకుల కింద మధ్యాహ్నం గడిపినవాళ్ళు ఆ 96 శాతాన్ని ఎలా చదువుకుంటారో ఊహించుకోండి. రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఎవరూ ఉండరు, వేపచెట్టు కింద కూర్చుంటారు. దాన్ని చూసి "పనీపాటా లేకుండా కూర్చుంటారు" అనే వాళ్ళకు కొదవ లేదు.

"ఇచ్చిన ఇళ్ళు అమ్ముకుంటారండీ" అన్నది ఇంటి పెద్దను తప్పుపట్టేవాళ్ళ చివరి అస్త్రం. హైదరాబాదు పేదల కోసం కొల్లూరులో 15,660 రెండు పడకగదుల ఇళ్ళు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. ఇళ్ళు మంచివే. మనం మెచ్చుకోవాల్సిన కట్టడమే. అవి సంగారెడ్డి జిల్లాలో, నగరం నడిబొడ్డుకు పాతిక కిలోమీటర్లకు పైన ఉన్నాయి. మలక్‌పేటలోనో మెహదీపట్నంలోనో నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే మనిషికి తెల్లవారుజామున అక్కడి నుంచి రావడానికి పట్టే సమయమూ బస్సు ఖర్చూ కలిపితే పని మానుకోవడమే మేలవుతుంది. అప్పుడు ఆమె ఆ ఇంటికి తాళం వేసి, లేదా ఎవరికో అద్దెకిచ్చి, పాత పేటలోనే ఒక గది తీసుకుంటుంది. ఇందులో ఆర్థిక శాస్త్రానికి తెలియంది ఏముంది? శంషాబాదు దగ్గర ప్లాటు కొని, గడ్డి మొలిపించి, మూడేళ్ళకు రెట్టింపుకు అమ్మినవాణ్ణి మనం ముందుచూపున్నవాడంటాం. బతుకుతెరువు కోసం ఇల్లు అద్దెకిచ్చినామెది దుర్వినియోగం అంటాం. ఆంధ్రప్రదేశ్‌లో పట్నాల్లో ఇచ్చిన సెంటు స్థలమంటే 48.4 చదరపు గజాలు. అందులో మెట్లు, మరుగుదొడ్డి పోగా మిగిలేదెంతో కొలిచి చూసిన తర్వాత, ఆ కుటుంబం గొడ్డునో మేకనో ఎక్కడ కట్టుకోవాలో కూడా చెబితే బాగుంటుంది.

తాగుడు గురించి అడగకుండా ఎవరూ వదలరు కనుక దాని గురించీ చెబుతాను. అవును, కూలీ పేటల్లో తాగే ఇంటి పెద్దలున్నారు, సంపాదనలో సగం బెల్టు షాపులో పోసి వచ్చేవాళ్ళున్నారు, ఆ ఇళ్ళలో ఆడవాళ్ళు పడే నరకం నిజం. దాన్ని నేను తేలిక చేయను. కానీ తాగే ఇంటి పెద్దలు జూబ్లీహిల్స్‌లోనూ ఉన్నారు. వాళ్ళ ఇల్లు కారదు. ఎందుకు కారదంటే తాత కొన్న స్థలం ఉంది, తండ్రి కట్టిన ఇల్లుంది, అద్దెలొస్తాయి, బ్యాంకులో డిపాజిట్లున్నాయి. తాగుడు రెండిళ్ళలోనూ ఒకటే, గోడలు వేరు. మనిషి వ్యసనం గోడ దాకా రాకుండా ఆపేది ఆస్తి. ఆస్తి లేనిచోట ఒక్క జ్వరం, ఒక్క ప్రమాదం, ఒక్క పెళ్ళి ఖర్చు కూడా గోడ దాకా వచ్చేస్తుంది.

ఇల్లే మనిషిని మారుస్తుందనడానికి కూడా రుజువుంది. మెక్సికోలో కొవాహుయిలా రాష్ట్రం 2000లో పేదల ఇళ్ళలో మట్టి నేలల మీద సిమెంటు పోయించే పథకం మొదలుపెట్టింది. ఉపన్యాసాలేమీ లేవు, సిమెంటు మాత్రమే. ఆ ఇళ్ళనూ పక్క రాష్ట్రంలో అలాంటి పేటల్లోని ఇళ్ళనూ పోల్చి చూసిన పరిశోధకులు, సిమెంటు నేలలున్న ఇళ్ళలో చిన్నపిల్లల కడుపులో పురుగులు, విరేచనాలు, రక్తహీనత తగ్గాయని, పిల్లల మాటా బుద్ధీ మెరుగయ్యాయని, తల్లుల మనసు కుదుటపడిందని తేల్చారు. ఇంటి ఆదాయం పెరగలేదు, ఇంటి పెద్ద చదువు పెరగలేదు. నేల మారింది. అక్కడ పాకిన పిల్ల రేపు ఇంటి పెద్ద అవుతుంది. ఆమె "విద్యాస్థాయి"ని అప్పుడు కొలిచి, అందుకే ఇల్లు బాగుందని రాయడానికి మన దగ్గర మళ్ళీ ఎవరో సిద్ధంగా ఉంటారు.

2027 జనగణనలో కులం కూడా లెక్కకొస్తుంది. ఇల్లు, కులం, చదువు మూడూ ఒకే రాశిలో దొరుకుతాయి కనుక రాబోయే పదేళ్ళూ ఈ రకం పట్టికలు వెల్లువెత్తుతాయి. అవి రాకముందే చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కదానికీ ఇంటి పెద్దను మార్చక్కర్లేదు. వాడలోని మురుగు కాలువను ఊరి కాలువతో కలపండి. పట్టాను బ్యాంకు మేనేజరు తిరగ్గొట్టని కాగితంగా మార్చండి. మొదటి విడత డబ్బు పునాది లేచాక కాకుండా పునాది తవ్వే రోజు ఇవ్వండి. స్థలం ఇచ్చేటప్పుడు కూలి దొరికే చోటికి ఎంత దూరమో కొలిచి ఇవ్వండి. ఇంటి మీద హక్కు ఆడమనిషిదైతే కాగితం ఆమె చేతిలోనే పెట్టండి. ఇవన్నీ జరిగాక కూడా చూరు కారుతూనే ఉంటే, అప్పుడు ఆ ఇంటి పెద్దను పిలిచి కారణమడుగుదాం.